సగటు చాటున దాగిన ఇళ్లు

కర్నూలు, కడప ప్రాంతాల్లో ముస్లింల ఆర్థిక స్థితి గురించి మాట మొదలైతే చాలు, రెండు వాదనలు ఎదురెదురుగా వచ్చి నిలబడతాయి. మన సమాజం ఆదాయంలో అందరికన్నా వెనుకబడి ఉందని ఒకరు అంటారు. అయితే రాయచోటిలో కువైట్ సొమ్ముతో లేచిన ఆ మేడలు ఎవరివని మరొకరు అడుగుతారు. మొదటివారు మెకానిక్ షెడ్డులో నూనె మరకల మధ్య పెరుగుతున్న పిల్లవాణ్ణి చూపిస్తారు. రెండవవారు ఫంక్షన్ హాలు ముందు బారులు తీరిన కార్లను చూపిస్తారు. ఇద్దరూ కళ్లారా చూసినదే చెబుతున్నారు. కానీ కంటికి కనిపించిన నాలుగు ఇళ్లను బట్టి వేల ఇళ్ల సంగతి తేల్చలేము. ఒక సముదాయం ఆదాయాన్ని మరొక సముదాయం ఆదాయంతో పోల్చడానికి కొన్ని పద్ధతులున్నాయి. ఆ పద్ధతుల్లో ఏది ఎంచుకున్నామన్నదాన్ని బట్టి వచ్చే జవాబు మారిపోతుంది.

ఇది పండితుల గొడవ, మనకెందుకని పాఠకులు అనుకోవచ్చు. మన పిల్లల కళాశాల సీట్లు ఈ కొలతల మీదనే ఆధారపడి ఉన్నాయి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలకు విద్యా, ఉద్యోగాల్లో 5 శాతం రిజర్వేషన్ ప్రకటించగా హైకోర్టు దాన్ని కొట్టివేసింది. 2005లో మరల చేసిన ప్రయత్నానికీ అదే గతి పట్టింది. తరువాత విశ్రాంత ఐ.ఏ.ఎస్. అధికారి పి.ఎస్. కృష్ణన్ ఇచ్చిన నివేదిక వెలుగులో, ముస్లింలలోని వెనుకబడిన సముదాయాలను పేరుపేరునా గుర్తించి, 2007లో బీసీ-ఇ అనే వర్గాన్ని ఏర్పరచి 4 శాతం కేటాయించారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు విస్తృత ధర్మాసనం మెజారిటీ తీర్పుతో దానినీ తోసిపుచ్చింది. వెనుకబాటును నిర్ధారించడానికి సమాచారం సేకరించిన పద్ధతి శాస్త్రీయంగా లేదన్న ఆక్షేపణ ఆ తీర్పులో ఉంది. అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్లనే ఆ సౌకర్యం కొనసాగింది. కర్నూలు వైద్య కళాశాలలోనో, కడప ఇంజినీరింగ్ కళాశాలలోనో ఆ కోటాలో చదువుకున్న ప్రతి అమ్మాయి సీటు వెనుకా ఈ కొలతల తగాదా ఉంది. పేదరికం ఉన్నదని చెప్పడం వేరు; న్యాయస్థానం ముందు నిలిచేలా కొలిచి చూపడం వేరు.

ఇంతకూ మన దేశంలో కొలుస్తున్నది ఆదాయమేనా? చాలాకాలంగా కాదు. జాతీయ నమూనా సర్వే సంస్థ దశాబ్దాలుగా అడుగుతూ వచ్చినది, నెలకు ఇంట్లో తలసరి ఎంత ఖర్చు పెట్టారన్న ప్రశ్న. 1950లలోనూ, 1960లలోనూ ఆదాయం అడిగి చూశారు. జనం చెప్పిన ఆదాయం, వారే చెప్పిన ఖర్చు, పొదుపుల మొత్తం కన్నా తక్కువగా తేలింది. 1983-84లో ప్రయోగాత్మకంగా మరోసారి ప్రయత్నించి, దేశవ్యాప్త సర్వేగా చేపట్టకుండా విరమించుకున్నారు. ఆదాయం చెప్పడానికి మనిషికి ఎన్ని సంకోచాలుంటాయో! పన్ను భయం, దిష్టి భయం, చందా అడుగుతారన్న భయం, రేషన్ కార్డు పోతుందన్న భయం. ఖర్చు చెప్పడానికి అంత జంకు ఉండదు.

జస్టిస్ రాజీందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో సమర్పించిన నివేదిక కూడా ఈ ఖర్చు లెక్క మీదనే నడిచింది. 2004-05 నాటి ధరల్లో నెలసరి తలసరి వ్యయం దేశం మొత్తం మీద 712 రూపాయలు కాగా, హిందువుల్లో జనరల్ వర్గానికి 1,023, హిందూ ఓబీసీలకు 646, ముస్లింలకు 635, షెడ్యూల్డు కులాలు, తెగలకు 520 రూపాయలని తేలింది. ముస్లింల స్థానం ఎక్కడుందో ఈ నాలుగు సంఖ్యలు చెబుతాయి. ఓబీసీలకు కాస్త కింద, దళిత ఆదివాసుల కన్నా పైన. ఇరవై ఏళ్ల కిందటి లెక్క అయినా సభల్లో ఇప్పటికీ వినిపించేది ఇదే. కానీ ‘దళితుల కన్నా అధ్వానం’ అనే మాటకు ఈ తలసరి వ్యయం లెక్కలో ఆధారం లేదు. వేరొకరి బాధను తక్కువ చేసి చూపితే తప్ప మన బాధ రుజువు కాదా?

ఖర్చు లెక్కలో ఒక పెద్ద చిక్కు ఉంది. కూతురి పెళ్లికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఖర్చు పెట్టిన ఇల్లు ఆ ఏడాది సర్వేలో కలిగిన ఇల్లుగా కనిపించే అవకాశం ఉంది. అబ్బాజాన్‌కు గుండె ఆపరేషన్ చేయించడానికి ఇంటి పట్టా తాకట్టు పెట్టిన కుటుంబమూ అంతే. ఖర్చు పెరిగింది కనుక స్థితి మెరుగుపడిందని సంఖ్య చెబుతుంది. ఇటు మంచి ఆదాయం ఉన్న వ్యాపారి తన రాబడిలో కొంతే తిని మిగిలినది స్థలాల మీద, బంగారం మీద పెడతాడు. అది వినియోగంలోకి రాదు. కాబట్టి ఖర్చును బట్టి చూస్తే పేద, ధనికుల మధ్య దూరం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది.

ఈ తేడా ఎంతటిదో తెలుసుకోవాలంటే ఇటలీ గణాంక శాస్త్రవేత్త కొర్రాడో గిని 1912లో ప్రతిపాదించిన సూచిక ఉపయోగపడుతుంది. అందరికీ సమానంగా ఉంటే అది 0, ఉన్నదంతా ఒక్కడి దగ్గరే ఉంటే 1. ఆ నడుమ సంఖ్యకు అర్థమేమిటి? ఊళ్లో ఏవైనా రెండు ఇళ్లను చీటీ తీసి ఎంచుకొని, వాటి మధ్య తేడా చూడండి. ఇలా అన్ని జతలకూ చూసి, ఆ తేడాల సగటు తీయండి. దాన్ని ఊరి సగటుకు రెట్టింపు సంఖ్యతో భాగిస్తే వచ్చేదే గిని. ప్రపంచ బ్యాంకు 2025లో ప్రచురించిన సంక్షిప్త పత్రం ప్రకారం 2022-23లో భారతదేశపు వినియోగ వ్యయం గిని 0.255. దీన్ని పట్టుకొని మన దేశం ప్రపంచంలోనే అత్యంత సమానత్వం గల దేశాల్లో ఒకటని ఘనంగా ప్రచారం జరిగింది. అదే పత్రంలో, ప్రపంచ అసమానతల డేటాబేస్ ప్రకారం ఆదాయపు గిని 2023 నాటికి 0.62కు చేరిందన్న వాక్యమూ ఉంది. దాని ఊసు ఎత్తినవారు తక్కువ. ఊరి సగటు నెలకు 10,000 రూపాయలనుకుంటే, మొదటి లెక్కలో ఏ రెండు ఇళ్ల మధ్యనైనా సగటు తేడా 5,100. రెండవ లెక్కలో 12,400. దేశం ఒక్కటే, కాలమూ దాదాపు ఒక్కటే. ఒకటి తిన్న తిండినీ కట్టిన బట్టనూ కొలిచింది, మరొకటి చేతికి వచ్చిన రాబడిని కొలిచింది.

కొలబద్ద మారితే మనిషి స్థానం మారడం మనకు కొత్త కాదు. జకాత్ నిసాబ్‌నే చూడండి. ఏడున్నర తులాల బంగారం, అంటే 87.48 గ్రాములు, లేదా యాభై రెండున్నర తులాల వెండి, అంటే 612.36 గ్రాములు. ఒకప్పుడు దాదాపు సమానమైన విలువ గల ఈ రెండు కొలతల మధ్య నేడు ఎన్నో రెట్ల తేడా ఉంది. వెండిని ప్రమాణంగా తీసుకుంటే జకాత్ ఇవ్వవలసిన వ్యక్తి, బంగారాన్ని ప్రమాణంగా తీసుకుంటే ఆ పరిధిలోకే రాడు. మరొక సంగతి. నిసాబ్ చూసేది నెల జీతాన్ని కాదు. అప్పులు పోను ఏడాది పాటు చేతిలో నిలిచిన సంపదను. సర్వేలు వదిలేసే అప్పుల సంగతి మన ఇళ్లల్లో పెద్దలు ప్రతి రమజాన్‌లోనూ లెక్క వేస్తూనే ఉన్నారు.

ఇక సగటు అనే మాట దగ్గరికి వద్దాం. ఊహకోసం ఒక వీధిలో పది ఇళ్లు అనుకోండి. ఎనిమిది ఇళ్లకు నెలకు 12,000 రూపాయల చొప్పున, ఒక ఇంటికి 14,000, చివరి ఇంటికి 1,40,000 వస్తాయి. సగటు 25,000! ఆ వీధిలో ఆ ఆదాయం గల ఇల్లు ఒక్కటీ లేదు. ఇళ్లను తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా నిలబెట్టి సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని చూస్తే 12,000 అని తెలుస్తుంది. దీన్ని మధ్యగతం అంటారు. రెండు సముదాయాలను పోల్చేటప్పుడు సగటుతో పాటు మధ్యగతం కూడా చెప్పని లెక్కను నేను సగమే నమ్ముతాను.

అసలు మోసం జరిగేది పల్లె, పట్నం దగ్గర. 2011 జనాభా లెక్కల ప్రకారం పాత కర్నూలు, పాత కడప జిల్లాల్లో దాదాపు ఆరింట ఒకరు ముస్లింలు. వారిలో పెద్ద భాగం కర్నూలు, ఆదోని, నంద్యాల, కడప, ప్రొద్దుటూరు, రాయచోటి వంటి పట్టణాల్లో ఉంటారు. పట్టణంలో బడి దగ్గర, ఆసుపత్రి దగ్గర, కూలి రేటు ఎక్కువ. అలాగే అద్దె ఎక్కువ, కూరగాయలు కొనుక్కోవాలి. 2001 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముస్లింల అక్షరాస్యత 68 శాతం, రాష్ట్ర సగటు 60.5 శాతం. ఇది చూసి ‘ఇంకేమి వెనుకబాటు?’ అన్నవారున్నారు. వారు పట్నంలో ఉన్నవారిని పల్లెలో ఉన్నవారితో పోల్చారు.

లెక్క ఎలా తారుమారవుతుందో కల్పిత అంకెలతో చూడండి. ఒక సముదాయంలో నూరు ఇళ్లు. అరవై పట్నంలో, నెలకు 18,000 చొప్పున. నలభై పల్లెలో, 9,000 చొప్పున. సగటు 14,400. మరొక సముదాయంలోనూ నూరు ఇళ్లు. ముప్ఫై పట్నంలో, 21,000 చొప్పున. డెబ్భై పల్లెలో, 10,000 చొప్పున. సగటు 13,300. మొత్తం మీద చూస్తే మొదటి సముదాయమే కలిగినది. కానీ పట్నాన్ని పట్నంతో పోలిస్తే అది 3,000 తక్కువ, పల్లెను పల్లెతో పోలిస్తే 1,000 తక్కువ. రెండు చోట్లా వెనుక ఉన్న సముదాయం మొత్తంలో ముందు నిలిచింది. ఎక్కడ ఎక్కువమంది నివసిస్తున్నారన్నదే ఈ గారడీకి మూలం. సచార్ నివేదికలో పట్టణ ముస్లింలలో పేదలు 38.4 శాతం, గ్రామీణ ముస్లింలలో 26.9 శాతం అని ఉండడం ఇందుకే గుర్తుంచుకోదగినది. పట్నానికి రాగానే పేదరికం పోతుందన్న నమ్మకం మన విషయంలో తలకిందులైంది.

జిల్లా సరిహద్దులు కూడా ఇలాంటి గారడీ చేయగలవు. 2022 ఏప్రిల్‌లో నంద్యాల వేరు జిల్లా అయింది. కె.సి. కాలువ కింద వరి పండే నేలల్లో చాలా భాగం అటు పోగా, ఆదోని, ఆలూరు, పత్తికొండ మెట్టలు కర్నూలుకు మిగిలాయి. ఎవరి జేబులోనూ రూపాయి తగ్గకుండానే జిల్లా సగటు తగ్గవచ్చు. 2011 నాటి కర్నూలునూ నేటి కర్నూలునూ పక్కపక్కన పెట్టేవారు ముందు పటం చూసుకోవాలి.

ఇంతవరకూ ‘ముస్లింలు’ అన్నాం. ఆ మాట ఒక్క సంచి. కర్నూలు జిల్లాలోని ఒక మసీదులో ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడిన ముగ్గురిని ఊహించుకోండి. ఒకరు దూదేకుల, ఇంట్లో తెలుగే మాట్లాడతారు, తాతల నాడు దూది ఏకి పరుపులు కుట్టేవారు, ఇప్పుడు నాలుగెకరాల వేరుశనగ చేను వానకు వదిలేసి ఉన్నారు. ప్రభుత్వ జాబితాలో ఆయన బీసీ-బి. పక్కన ఉన్నది షేక్, ఆదోనిలో పత్తి మిల్లు హమాలీ, బీసీ-ఇ. మూడవ వారు సయ్యద్; ఓసీ. అల్లాహ్ ముందు లేని తేడా ప్రభుత్వ జాబితాలో ఉంది, పెళ్లి సంబంధాల దగ్గర మన మనసుల్లోనూ ఉంది. కానీ వీరి ఆదాయాల మధ్య దూరం ఎంత? ఈ రెండు జిల్లాల్లో ఎన్ని ప్రసంగాలు విన్నా ఆ ఊసు రాదు. జనగణనలో మతం అడుగుతారు. 1931 తరువాత షెడ్యూల్డు కులాలు, తెగలు మినహా కులం లెక్కించలేదు. అందువల్ల దూదేకుల మెట్ట రైతూ, పట్నంలోని బిర్యానీ హోటలు యజమానీ ఒకే సగటులో కలిసిపోతారు.

లెక్క వేయదలిస్తే వేయవచ్చునని ఇతర రాష్ట్రాలు చూపాయి. బీహారు ప్రభుత్వం 2023 నవంబరులో శాసనసభ ముందుంచిన కుల సర్వేలో, నెలకు 6,000 రూపాయల లోపు ఆదాయం గల కుటుంబాలు మొత్తం మీద 34.13 శాతం, షెడ్యూల్డు కులాల్లో 42.93 శాతం. ముస్లింలలో ఉన్నత వర్గాలను విడిగా చూపారు. షేక్‌లలో 25.84, పఠాన్‌లలో 22.20, సయ్యద్‌లలో 17.61 శాతం. ఒకే మతంలోని మూడు పేర్ల మధ్యనే ఇంత తేడా. తెలంగాణ 2024లో జరిపిన సర్వేలో ముస్లింలు 12.56 శాతమని, అందులో బీసీ ముస్లింలు 10.08, ఓసీ ముస్లింలు 2.48 శాతమని ప్రకటించింది. బీహారులోని షేక్ మన షేక్ కాదు. అక్కడ ఉన్నత వర్గం, ఇక్కడ వెనుకబడిన వర్గం. కాబట్టి అక్కడి అంకెలను ఇక్కడికి మోసుకు రాకూడదు. కానీ అడిగిన ప్రశ్నను మాత్రం తెచ్చుకోవచ్చు.

అసమానతను రెండు ముక్కలుగా విడదీసే పద్ధతి ఒకటి ఉంది. డచ్చి ఆర్థికవేత్త హెన్రీ థైల్ 1960లలో ఇచ్చిన సూచిక దీనికి అనువైనది. దాని తర్కం తేలికే. ప్రతి ఇంటికీ తన సొంత ఆదాయం బదులు తన సముదాయపు సగటు ఆదాయాన్నే ఇచ్చేశామనుకోండి. అప్పటికీ మిగిలిన అసమానత సముదాయాల మధ్యది. మాయమైపోయినది సముదాయాల లోపలిది. మన దేశంలో మతాన్ని బట్టి విడదీసినా, కులాన్ని బట్టి విడదీసినా పెద్ద వాటా లోపలిదేనని తేలుతుంది.

ఈ ఫలితాన్ని ఇద్దరు రెండు విధాలుగా దుర్వినియోగం చేస్తారు. సముదాయాల మధ్య వాటా చిన్నది కనుక మైనారిటీల వెనుకబాటు కట్టుకథ అని ఒకరు అంటారు. ఆరింట ఒకరుగా ఉన్న సముదాయంలో ప్రతి ఇంటి ఆదాయమూ మిగతా అందరికన్నా నాలుగో వంతు తక్కువ అనుకొని, మరే తేడా లేదనుకుంటే, గిని ఎంత వస్తుంది? 0.04 కూడా రాదు. ప్రతి నాలుగు రూపాయల్లో ఒక రూపాయి తగ్గడం ఏ ఇంటికైనా చిన్న విషయమా? సముదాయం చిన్నదైతే దాని లోటు మొత్తం లెక్కలో చిన్నగానే కనిపిస్తుంది. ఆ లోటును నేరుగా చెప్పాలి, మొత్తం అసమానతలో వాటాగా చెప్పి దాచకూడదు.

రెండవ దుర్వినియోగం మన ఇంట్లోదే. సముదాయం మొత్తం వెనుకబడిందన్న మాటను ఎక్కువ గట్టిగా పలికేది తరచు అందులో కలిగినవారే. ఆ పేరు మీద వచ్చే కోటా, రుణం, పదవి వారి గడప దగ్గరే ఆగిపోతే, మెట్ట పల్లెలోని దూదేకుల ఇంటికీ, పట్నపు చివర గుడిసెలోని ఫకీరు ఇంటికీ చేరేదేమిటి? జకాత్ కూడా తెలిసినవారి నుంచి తెలిసినవారికే తిరుగుతూ ఉంటే, లోపలి దూరం ఏటేటా అలాగే ఉంటుంది. ఈ మాట కొందరికి కటువుగా తోచవచ్చు.

లెక్క సరిగ్గా రావాలంటే ఇంటి గడప దగ్గర సమాధానం కూడా సరిగ్గా ఉండాలి. కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ 2026లో దేశవ్యాప్తంగా గృహ ఆదాయ సర్వే చేపడతామని 2025లో ప్రకటించింది. రానున్న 2027 జనగణనలో కులాన్ని కూడా నమోదు చేస్తామని కేంద్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్ 30న చెప్పింది. సర్వే కోసం వచ్చినవారికి సాధారణంగా ఇంటి మగవారే జవాబు చెబుతారు. ‘ఆడవాళ్లు ఏ పనీ చేయరు, ఇంట్లోనే ఉంటారు’ అనేస్తారు. ఆ ఇంట్లోనే అమ్మీ రాత్రి పదింటి దాకా కుట్టుమిషను తొక్కుతుంది, భాభీ చీరలకు ఫాల్స్ కుడుతుంది, ఖాలా పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. ఆ డబ్బు ఆదాయమే. దాన్ని చెప్పకపోతే ఆ స్త్రీల శ్రమ లెక్కలోనే ఉండదు. పొలం నుంచి తెచ్చుకున్న జొన్నలు, ఇంటి గేదె పాలు కూడా ఆదాయంలో భాగమే. అప్పు తెచ్చిన సొమ్ము ఆదాయం కాదు, దాన్ని విడిగా చెప్పాలి. కువైట్ నుంచి కొడుకు పంపే డబ్బు చెప్పేటప్పుడు, ఆ కొడుకు ఇంట్లో లేడన్నదీ, వీసాకు చేసిన అప్పు ఇంకా ఎంత మిగిలి ఉందన్నదీ చెప్పాలి. ఇంట్లో ఎందరు తింటున్నారో సరిగ్గా చెప్పాలి. నలుగురి ఇంట్లో 20,000 రూపాయలూ, తొమ్మిదిమంది ఇంట్లో 20,000 రూపాయలూ ఒకటి కావు.

కులం గడిలో ‘ముస్లిం’ అని మాత్రమే రాయించుకుంటే అది మతాన్ని రెండోసారి చెప్పినట్టే అవుతుంది. దూదేకుల, నూర్‌బాషా, పింజారి, లద్దాఫ్ అనేవి ప్రభుత్వ జాబితాలో ఒకే సముదాయానికి ఉన్న పేర్లు. ఒకే ఊళ్లో అన్నదమ్ముల్లో ఒకరు నూర్‌బాషా అనీ, మరొకరు షేక్ అనీ రాయిస్తే ఒకరు బీసీ-బిలోనూ, మరొకరు బీసీ-ఇలోనూ పడతారు. కుటుంబ పెద్దలు ముందే కూర్చొని, కులధ్రువీకరణ పత్రంలో ఏ పేరు ఉందో చూసుకొని, అందరూ అదే చెప్పడం మంచిది. వచ్చినవారు రాసుకున్న తరువాత ఒకసారి చదివి వినిపించమని అడగవచ్చు.